మూడు వయసులున్న సినిమా హాలు: ఒక కేస్ స్టడీ

పాత బిల్డింగులు కొలిచి, డ్రాయింగులు వేసి, ఏది ఉంచొచ్చు ఏది తీసేయాలి అని చెప్పడం నా పని. ఆఫీసు విశాఖలో. ఈ కేసు మాత్రం విశాఖ నుంచి పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి తిరిగొచ్చేయగల ఒక చిన్న ఊళ్లోది. హాలు పేరు చెప్తే ఊరు తెలిసిపోద్ది, ఊరు చెప్తే కుటుంబం తెలిసిపోద్ది, కాబట్టి రెండూ చెప్పను, హాలు కట్టిన ఏళ్లు కూడా దశాబ్దాల్లోనే చెప్తాను, కొలతలు కొంచెం అటూఇటూ మార్చాను.

ఇది రాయడానికి కారణం ఉంది. బిల్డింగు చరిత్ర అనగానే ఓనర్లకి అది శుభలేఖ వెనకాల వేసుకునే రెండు లైన్ల గొప్ప, ఇంజనీర్లకేమో టైమ్ వేస్ట్. ఈ హాల్లో ఆ చరిత్ర తవ్వకపోయుంటే అక్కర్లేని పునాది పనికి లక్షలు పోసేవాళ్లు, నిజంగా కూలిపోయే చోటుకి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు.

ముందు కొంచెం వెనక్కి

బెజవాడలో మారుతీ హాలు 1921లోనే వచ్చింది, మన దేశంలో మాటలొచ్చిన సినిమా 1931లో మొదలైంది, కానీ చిన్న ఊళ్లలో చాలా కాలం సినిమా అంటే డేరానే. తీర్థం జరిగే తోటలోనో సంత పక్కనో టూరింగ్ టాకీస్ వాళ్లు డేరా వేసి కొన్నాళ్లు ఆడించి ఎత్తేసేవాళ్లు. పర్మనెంట్ హాలు కట్టాలంటే డబ్బు, లైసెన్సు, కరెంటు మూడూ కుదరాలి. రెండో ప్రపంచ యుద్ధం టైములో సిమెంటూ ఇనుమూ కంట్రోలు కింద ఉండేవి, కొత్తగా కట్టడం అంత తేలిక కాదు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు వచ్చింది 1955లో, అంతకు ముందు చిన్న ఊళ్లో సినిమా వెయ్యాలంటే వెనకాల ఆయిల్ ఇంజను పెట్టుకోవాల్సిందే. ఇన్ని తిప్పల మధ్య ఎవరికైనా ఖాళీ గోదామో మిల్లు షెడ్డో చేతిలో ఉంటే దాన్నే హాలుగా మార్చేద్దాం అనిపించడం సహజం. ఈ మాట గుర్తుంచుకోండి, ఈ కేసంతా దీని మీదే తిరుగుద్ది.

హాలు ఆకారం చెప్తాను. పొడుగ్గా తూర్పు పడమరలు. తూర్పున రోడ్డు, రోడ్డు వైపు ముందు వసారా, బుకింగు, దానిపైన బాల్కనీ, దాని వెనక మిషను క్యాబిన్. పడమర చివర తెర. మధ్యలో నేల, బెంచీ, కుర్చీ. ఆటలు ఆగిపోయి చాలా ఏళ్లైంది. టీవీ, వీడియో, కేబులు దెబ్బ తట్టుకుంది కానీ ప్రింట్లు పోయి డిజిటల్ వచ్చాక కొత్త మిషను పెట్టే ఓపిక వాళ్లకి లేకపోయింది. తర్వాత మీటింగులకీ చిన్నాచితకా ఫంక్షన్లకీ అద్దెకిస్తున్నారు.

నా దగ్గరకి వచ్చిన సమస్య

వచ్చింది అన్నదమ్ముల పిల్లలు, రెండు శాఖలు. హాలుని సరైన ఫంక్షన్ హాలు చేద్దామనేది ఒప్పందం, ఒప్పందం అంతవరకే. పెద్ద శాఖ వాళ్లు ఇది మా తాతగారు 1930ల్లో కట్టిన టాకీస్ అంటారు. చిన్న శాఖ వాళ్లు అబ్బే, తాతగారిది ఖాళీ స్థలమే, హాలు మా నాన్నగారు స్వయంగా కట్టింది అంటారు. ఎందుకు ఇంత పట్టుదలో ఆస్తి తగాదాలు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇంకోటి గోడ పగులు. ఉత్తరం గోడలోనూ దక్షిణం గోడలోనూ బాల్కనీ అంచు దగ్గర కింద నుంచి పైదాకా నిట్టనిలువు బీట, వేలు గోరు దూరేంత. వానొస్తే అక్కడే కారుద్ది. అంతకు ముందు చూసిన ఒక కన్సల్టెంటు పునాది కుంగిందని రాసి, గోడ పొడుగునా కింద తవ్వి పునాది బలపరచాలని లక్షల్లో ఎస్టిమేటు ఇచ్చాడు. వీళ్లు నన్ను పిలిచింది ఆ ఎస్టిమేటు నిజమా కాదా చెప్పమని, దాంతోపాటు "హాలు వయసు ఎంతో మీరే ఒక కాగితం మీద రాసిచ్చేయండి సార్, ఇద్దరం ఒప్పుకుంటాం" అని పెద్దాయన అన్నాడు.

ఈ రెండూ వేర్వేరు పనులని వాళ్లు అనుకున్నారు. నేనూ ఫీజు వేర్వేరుగానే కోట్ చేశాను. తర్వాత తేలింది రెండిటికీ సమాధానం ఒక్కటే అని.

అప్పటికే చేసి విఫలమైనవి

బీటని ఊరి మేస్త్రీలు ఏటా ఎండాకాలం సిమెంటుతో పూడ్చేవాళ్లు, సంక్రాంతికల్లా మళ్లీ తెరుచుకునేది. తర్వాత ఎవరో వైజాగ్ నుంచి వచ్చి ఎపాక్సీ అనే గట్టి జిగురు ఇంజెక్షన్ కొట్టారు. ఆ ఎపాక్సీ గట్టిగానే పట్టుకుంది, కానీ ఏడాది తిరక్కుండా దానికి జానెడు పక్కన కొత్త బీట వచ్చింది. నాకు మొదటి అనుమానం ఇక్కడే. అతికించిన చోట అతుకు గట్టిగా ఉండి పక్కన విరిగిందంటే ఆ గోడకి కదలాల్సిన అవసరం ఉంది, ఒక చోట కదలనివ్వకపోతే ఇంకో చోట కదులుద్ది. కదిలేదాన్ని జిగురేసి ఆపలేం.

రేకుల సంగతి కూడా అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పాత సిమెంటు రేకులు చాలావరకు లేచిపోయాయి. కొత్తగా వేసిన ఇనప రేకులు బాల్కనీ కప్పునీ మెయిన్ హాలు కప్పునీ కలిపి ఏకంగా బోల్టులేసి బిగించేశారు, నీట్‌గా ఉందని. ఆ కలిసే లైను దగ్గర బోల్టు రంధ్రాలు కోలగా సాగిపోయి, వాన అక్కడి నుంచే లోపలికి. కింద బీట, పైన రంధ్రాలు, రెండూ ఒకే లైన్లో.

కుంగుడా కాదా

పునాది కుంగితే బీట సాధారణంగా ఏటవాలుగా, మెట్లు మెట్లుగా వస్తది, ఒక చివర వెడల్పు ఇంకో చివర సన్నం. ఇది నిట్టనిలువు, వెడల్పు కింద నుంచి పైదాకా దాదాపు ఒకటే. పైగా రెండు గోడల్లో ఒకదానికెదురు ఒకటి, తాడు పట్టినట్టు. రెండు వైపులా నేల ఒకేలా, ఒకే లైన్లో కుంగడం అనేది జరగదని కాదు, కానీ నమ్మడానికి కష్టం.

అయినా కన్ను చూసినదాన్ని బట్టి ఎస్టిమేటు కొట్టేయకూడదు. నీళ్ల ట్యూబు పట్టి పాత గోడ అడుగున ఉన్న రాతి వరస పైఅంచుని హాలు పొడుగునా లెవెల్ చూశాం. కట్టినరోజు మేస్త్రీ ఆ వరసని లెవెల్‌గానే పెట్టి ఉంటాడు కదా, గోడ కుంగితే అదీ కుంగాలి. ఎక్కడా చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాత బీటకి అటూఇటూ స్టీలు బొట్లు అతికించి, వెర్నియర్‌తో నెలనెలా ఒకే టైముకి, పొద్దున్నే, గోడ వేడి కూడా రాసుకుంటూ కొలిపించాను. కుంగుడు అయితే ఒకే దిక్కుకి పోతూ ఉండాలి. ఇది చలికాలం తెరుచుకుని మే నెలలో మూసుకుంది, మళ్లీ చలికాలం తెరుచుకుంది, మొత్తం తేడా రెండు మిల్లీమీటర్లకి అటూఇటూ.

లెక్క కూడా చూసుకుందాం. ఇటుక గోడ పది మీటర్ల పొడుగుకి పది డిగ్రీల తేడా వస్తే సుమారు 0.6 మిల్లీమీటరు పెరుగుద్ది. మన గోడ బీట నుంచి తెర చివర దాకా పాతిక మీటర్లు వేసుకుని, జనవరికీ మేకీ గోడ వేడిలో పదిహేను డిగ్రీల తేడా అనుకుంటే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. మనం కొలిచిందీ అదే. అంటే ఇది ఎండకి పెరిగి చలికి ముడుచుకునే మామూలు కదలిక. కానీ గోడ సరిగ్గా అక్కడే ఎందుకు విడిపోతోంది అనే ప్రశ్న మిగిలింది, దానికి లెవెళ్లూ లెక్కలూ జవాబు చెప్పవు.

పూత విప్పితే

బీట మీద అడ్డంగా అడుగు వెడల్పున మూడు ఎత్తుల్లో పూత కొట్టించాను. మూడు ఎత్తుల్లో ఎందుకంటే ఒక చోట కనబడింది మధ్యలో ఎవరో చేసిన రిపేరు అయ్యుండొచ్చు, మూడు చోట్లా ఒకటే కనబడితే అది కట్టడం. తెర వైపు ఇటుకలు చేత్తో పోసినవి, అంచులు వంకర, మధ్యలో గానుగ సున్నం దట్టంగా. రోడ్డు వైపు ఇటుక సైజు వేరు, మధ్యలో సిమెంటు, జాయింట్లు సన్నం. రెండిటికీ పళ్లు కలపలేదు, పాత గోడ మూలకి కొత్త గోడని ఊరికే ఆనించి పైకి లేపేశారు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆ సందులో దొరికింది. రెండిళ్ల మధ్య సందులా రెండు గోడల మధ్య కొంచెం ఖాళీ, అందులో పాత గోడ ముఖం మీద చాకుతో గీస్తే సున్నం పొరలు పొరలుగా వచ్చింది, తెలుపు, మళ్లీ పసుపు, మళ్లీ తెలుపు, మధ్య మధ్య నల్లటి మసి గీతలు. సందులోపలికి వెల్ల వెయ్యడానికి చెయ్యి దూరదు. అంటే ఆ ముఖం ఒకప్పుడు బయటి గోడ, ఎండకీ వానకీ నిలబడి ఎన్నో సంక్రాంతులకి వెల్ల వేయించుకుంది, ఆ తర్వాతే దాని ముందు రెండో బిల్డింగు లేచింది. ఒక పునాది గొయ్యి తవ్వితే అనుమానం తీరిపోయింది, పాతదానికి సున్నంలో కట్టిన రాళ్ల పునాది, కొత్తదానికి దాని పక్కనే వేరే లోతులో సిమెంటు కాంక్రీటు. రెండు బిల్డింగులు పక్కపక్కన ఉన్నాయి, ఒకే హాలులాగా పూత పూసి దాచేశారు.

మరి మొదటిది ఏం బిల్డింగు? ఉత్తరం వైపు పిచ్చిమొక్కలు కొట్టిస్తే బయట అరుగు బయటపడింది, ఎత్తు సరిగ్గా బండి ఎత్తు. ఎడ్లబండి వెనక్కి పెట్టి బస్తాలు జరపడానికి తప్ప సినిమా హాలుకి అలాంటి అరుగు ఎందుకు? దాని వెనక గోడలో పూడ్చేసిన పెద్ద గుమ్మం. కిటికీలు లేవు, గోడ పైభాగంలో వరసగా గాలి కంతలు. గోదాము. మన వైపు అప్పట్లో గోగునార వ్యాపారం జోరు, చిట్టివలస నెల్లిమర్ల వైపు జనపనార మిల్లులు ఉండనే ఉన్నాయి, ఆ కుటుంబం కూడా నార వ్యాపారమే చేసేదని తర్వాత తెలిసింది. పడమర గోడ పైన, తీగల కింద, సున్నంతో తీర్చిన ఒక ఏడు ఉంది, 1930ల్లోది. పెద్ద శాఖ వాళ్ల ఫోన్లో ఉన్న సాక్ష్యం అదే ఫొటో. ఆ ఏడు నిజమే, కానీ అది గోదాము పుట్టిన ఏడు.

ఏళ్లు ఎలా తేల్చాం

ఈ పనిలో నేను పట్టుకునే రూలు ఒకటి. దొరికిన ప్రతి ఆధారాన్నీ ఇది "ఇంతకన్నా ముందు కాదు" అని చెప్తోందా, "ఇంతకన్నా తర్వాత కాదు" అని చెప్తోందా అని విడగొట్టాలి. రెండూ కలిపేస్తే ఎవరికి కావాల్సిన ఏడు వాళ్లకి దొరికేస్తది.

ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే అందరూ ఏడు బదులు సినిమా చెప్తారు. మొదటి ఆట నాగేశ్వర్రావుది అని ఒకాయన, కాదు రామారావుగారిది అని ఇంకొకాయన, అరుగు మీదే గొడవ. నిజంగా రామారావుగారి సినిమానే అయితే ఆయన తెర మీదకి వచ్చింది 1949లో, కాబట్టి అంతకు ముందు కాదు. కానీ అంతే, అంతకు మించి ఏమీ చెప్పదు. అప్పట్లో ప్రింట్లు తక్కువ, వైజాగ్‌లో ఆడి దిగాక ఇలాంటి ఊళ్లకి రావడానికి నెలలు పట్టేది, పాత సినిమా మళ్లీమళ్లీ తిరిగేది. సినిమా రిలీజ్ అయిన ఏడుని హాలు ఓపెనింగ్ ఏడుగా రాసేసిన రిపోర్టులు నేను చూశాను, చదవడానికి బాగుంటాయి.

పెంకులు కూడా ఒక వల. కొన్ని చోట్ల మిగిలిన బెంగుళూరు పెంకుల వెనక ఫ్యాక్టరీ ముద్ర ఉంది, చిన్న శాఖ కుర్రాడు నెట్‌లో వెతికి ఆ ఫ్యాక్టరీ ఎప్పటిదో పట్టుకొచ్చాడు. పెంకు ఒక కప్పు దించి ఇంకో కప్పుకి ఎక్కిస్తారు, అది బిల్డింగు వయసు చెప్పదు. క్యాబిన్ కన్నాలకి ఉన్న ఇనప తలుపులు చూసి ఇంకొకరు ఇది నైట్రేటు ఫిల్ము కాలంది, 1951 లోపుది అన్నారు. నైట్రేటు ఫిల్ము అగ్గిపుల్లలా అంటుకుంటుంది కాబట్టి మంటొస్తే కన్నాలు మూసేయడానికి ఆ తలుపులు పెట్టడం నిజం, కొడాక్ ఆ ఫిల్ము తయారీ ఆపింది 1951 ప్రాంతంలోనే. కానీ ఫిల్ము మారినా ఆ తలుపుల అలవాటు పోలేదు, చాలా తర్వాత కట్టిన క్యాబిన్లలోనూ చూశాను.

లైసెన్సు ఫైలు దొరికితే సగం పని అయిపోయేది. సంబంధిత ఆఫీసులో అది లేదన్నారు. పాత ఫైళ్లు మద్రాసు రాష్ట్రం కాలంవి, తర్వాత ఆంధ్ర, తర్వాత ఆంధ్రప్రదేశ్, 2022లో జిల్లాలు విడిపోయి ఫైళ్లు ఇంకోసారి ప్రయాణం చేశాయి. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా రిజిస్ట్రార్ ఆఫీసు వైపు తిరిగాం. కంప్యూటర్లో ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా, 1983 నుంచే వస్తది, అంతకు ముందువి పుస్తకాల్లో చేత్తో వెతికించుకోవాలి. ఇక్కడ ఒక కిటుకు, హాలు డాక్యుమెంటు దొరక్కపోతే చుట్టుపక్కల వాళ్ల డాక్యుమెంట్లు చూడాలి. ఎవరి స్థలం అమ్మినా చెక్కుబందీ రాస్తారు, తూర్పు ఫలానా, పడమర ఫలానా అని. డాక్యుమెంటు రైటరుకి ఏ శాఖ మీదా ప్రేమ ఉండదు, అరుగు మీద కూర్చుని కళ్లకి కనబడింది రాస్తాడు. 1940ల చివర్లో పొరుగువాళ్ల అమ్మకంలో హద్దు "వారి గోనె గోదాము". 1950ల మధ్యలో అదే స్థలం మళ్లీ చేతులు మారినప్పుడు అదే హద్దు "సినిమా హాలు ప్రహరీ".

ఇంకో ఆధారం బుకింగు దగ్గర. కౌంటరు కన్నం పక్కన రంగు పొరలు జాగ్రత్తగా తీస్తుంటే నీలం అక్షరాలు తేలాయి, "నేల 0-4-0". రూపాయలు, అణాలు, పైల లెక్క. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. కొన్నాళ్లు అణాల మాట నడిచినా కొత్తగా బోర్డు రాయించేవాడు ఈ పద్ధతిలో రాయించడు. బుకింగు ఉన్నది కొత్త బిల్డింగులో, కాబట్టి అది 1950ల మధ్యకల్లా ఉంది. రెండు వైపుల నుంచి వచ్చిన హద్దులు ఒక చిన్న సందులో కలిశాయి.

అంటే గోదాము తాతగారిది, సినిమా కొడుకుది. ఇద్దరూ చెప్పింది నిజమే, ఇద్దరూ సగమే చెప్పారు.

మూడో వయసు, అసలు ప్రమాదం

ఇక్కడితో కేసు అయిపోయింది అనుకోవచ్చు. కానీ హాలు చరిత్ర రాసేటప్పుడు యజమానులు ఎప్పుడు మారారు అని కాకుండా సినిమా టెక్నాలజీ ఎప్పుడు మారింది, మారినప్పుడల్లా ఏ గోడ పగలగొట్టారు అని అడగడం నాకు అలవాటు. టాకీ వచ్చినప్పుడు, కార్బన్ కడ్డీలు పోయి జినాన్ లైటు వచ్చినప్పుడు, డీటీఎస్ బాక్సులు బిగించినప్పుడు, ప్రతిసారీ ఎక్కడో ఒక చోట సుత్తి పడుద్ది. అన్నిటికన్నా పెద్ద సుత్తి సినిమా స్కోపు. పాత తెర ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37, స్కోపు వెడల్పు 2.35. తెలుగులో పూర్తి స్కోపు సినిమా మొదట వచ్చింది 1974లో, అల్లూరి సీతారామరాజు, మన మన్యం కథే. ఆ తర్వాత తెర వెడల్పు చెయ్యని హాలు వెనకబడ్డట్టే. మరి ఇది అసలు గోదాము, గోదాము వెడల్పు ఎంతో అంతే. తెర ఎలా పెంచారు?

పాత ఆపరేటరు ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. చూపు తగ్గింది, మాట తగ్గలేదు. ముందు బీట సంగతి అడిగాను.

"అదేటి బాబూ, ఆ బీట నా సిన్నప్పట్నించీ ఉన్నాదే. ఏడాదికోపాలి పూడ్సీవోరు, అది మల్లీ నోరు తెరిసీది. దాన్నొట్టుకుని ఇప్పుడు లచ్చలెడతారేటి?"

స్కోపు తెర గురించి అడిగితే ఆగి చెప్పాడు, "తెర ఎడల్పు సేసినప్పుడు అటొకటి ఇటొకటి రెండు స్తంబాలు తీసీసినారు బాబూ, పైన సిమెంటు దూలం పోసినారు. ఎనకాల నల్లగుడ్డ కట్టీసినారు, మరి ఎవుడు సూస్తాడు?"

తెర వెనకాలకి ఎవరూ వెళ్లలేదు, ముందు కన్సల్టెంటు డ్రాయింగులో కూడా ఆ భాగం ఖాళీ డబ్బా. నల్లగుడ్డ దించి లైటేసి చూస్తే గోదాము కప్పుని మోసే చెక్క చట్రం, అదే ట్రస్సు, అది ఒకప్పుడు దిగిన ఇటుక స్తంభం చోట ఇప్పుడు కాంక్రీటు దూలం, అడుగున పెచ్చులు ఊడి చువ్వలు తుప్పుతో ఉబ్బి ఉన్నాయి. కొత్తగా విరిచిన ముక్క మీద ఫినాఫ్తలీన్ చుక్కలేస్తే ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకి తిరగాలి, ఇది చువ్వ లోపలికి దాటేదాకా రంగే రాలేదు. అంటే చువ్వకి కాంక్రీటు ఇచ్చే రక్షణ పోయింది. దూలం ఒక చివర సున్నం గోడ మీద ఆనిక బెత్తెడే. కప్పు బరువు దాని మీద, దాని కింద ఫంక్షన్ల స్టేజి, స్టేజి మీద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ.

ఆ రోజే దూలం కింద స్టీలు ప్రాప్‌లు, అంటే ఆసరా కంబాలు, పెట్టించి హాలు మూయమన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు, ముహూర్తాలు ఉన్నాయి, అడ్వాన్సులు తీసుకున్నాం అన్నాడు. నేను వాదన పెట్టుకోలేదు, ముందు ప్రాప్‌లు పెట్టించి స్టేజిని బాల్కనీ వైపుకి మార్పించి తెర వైపు సగానికి తాడు కట్టించాను, తర్వాత మాట్లాడుకుందాం అని. మొత్తం మూసేయమని పట్టుబడితే అసలు ఏమీ చెయ్యకుండా మనల్నే మార్చేసే క్లయింట్లు ఉంటారు. ముందు మనిషి తల మీద బరువు తీసేయడం, గొడవ తర్వాత.

పనిచేసింది

బీటని రిపేరు చెయ్యడం మానేసి దాన్ని జాయింటుగా ఒప్పుకున్నాం. పాత సిమెంటూ ఎపాక్సీ తీసేసి, సందు శుభ్రం చేసి, లోపల ఫోము తాడు కుక్కి, పైన పాలిసల్ఫైడ్ సీలెంటు. సీలెంటు లోతు వెడల్పులో సగం ఉండాలి, మేస్త్రీలు ఎంత కూరితే అంత గట్టి అనుకుంటారు, లోతుగా కూరితే సాగలేక చిరుగుద్ది. అడుక్కి అంటుకోకూడదు, రెండు పక్కలకే అంటుకోవాలి, ఫోము తాడు పెట్టేది అందుకే. లోపలి వైపు అల్యూమినియం పట్టీ ఒక గోడకే స్క్రూ చేశాం. సూపర్‌వైజరు రెండో వైపు కూడా బిగిస్తానని సుత్తి పట్టుకుని తిరిగాడు, ఆపాల్సొచ్చింది. పైన రేకుల్ని ఆ లైను దగ్గర కోసి విడదీసి ఒకదాని మీద ఒకటి జారేలా టోపీ వేశాం. రెండు వానాకాలాలు పోయాయి, కారలేదు.

తెర వెనక దూలాన్ని రిపేరు చేద్దామా తీసేద్దామా అని మా స్ట్రక్చరల్ ఇంజనీరూ నేనూ చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. చువ్వ చుట్టూ కాంక్రీటు పాడైపోయాక పైపైన పూసేది ఎక్కువ కాలం నిలవదు, ఆనికేమో ఎలాగూ చాలదు. కాబట్టి దాని కింద కొత్త స్టీలు ఫ్రేము, ఫ్రేముకి సొంత పునాది, ట్రస్సు బరువు నేరుగా దాని మీదకి. పాత దూలాన్ని తర్వాత ముక్కలుగా దించేశాం. పునాది బలపరిచే ఎస్టిమేటులో కొంచెమే అయింది, మిగిలింది నిజంగా అవసరమైన కరెంటు వైరింగుకీ బయటి దారులకీ పోయింది.

వయసు సర్టిఫికెట్ సంగతి. "హాలు వయసు ఇంత" అని ఒక్క నంబరు రాయమని ఇద్దరి లాయర్లూ అడిగారు, వాల్యుయేషన్‌లో తరుగు వెయ్యాలంటే ఒక్క నంబరు ఉంటే సుఖం మరి. నేను రాయలేదు. ప్లాను మీద మూడు రంగులు వేసి ఇచ్చాను, గోదాము ఒక రంగు, సినిమా కోసం కట్టింది ఒకటి, స్కోపు కోసం మార్చింది ఒకటి, ఒక్కోదానికి ఆధారం ఏంటి, అది ముందు హద్దు చెప్తోందా వెనక హద్దు చెప్తోందా పక్కనే రాశాను. సున్నంలో కట్టిన ఎనభై ఏళ్ల పైబడ్డ గోడ ఇంకా గట్టిగా ఉండి, దానికన్నా నలభై ఏళ్లు చిన్నదైన కాంక్రీటు పిప్పైపోయిన బిల్డింగులో సగటు వయసు తీస్తే ఎవరికి పనికొస్తుంది? ఎవరి వాటా ఎంత అనేది నా పని కాదు, ఆ మాటా రిపోర్టులో రాశాను. ఇద్దరూ ఆ రంగుల ప్లాను కాపీలు పట్టుకుని పెద్దమనుషుల దగ్గర కూర్చున్నారని విన్నాను, ఏం తేలిందో నేను అడగలేదు.

వైజాగ్‌లో జగదాంబ జంక్షన్ అంటే చాలు, ఆటోవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు, హాలు పేరే కూడలి పేరైపోయింది. చిన్న ఊళ్లో కూడా అంతే, ఈ హాలు పేరు మీదే అక్కడ బస్టాపు ఉంది. అందుకే ముందు భాగం, బుకింగు కన్నం, ఆ నీలం అక్షరాలు ఉంచమని అడిగితే రెండు శాఖలూ మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాయి. వాళ్లిద్దరూ ఒక మాట మీద ఉన్నది అదొక్కటే అనుకుంటా. అక్షరాల మీద గాజు పలక పెట్టాం, గాలి ఆడేలా కొంచెం ఎడం ఇచ్చి.

మిగిలిన పనులు ఉన్నాయి. ఉత్తరం వైపు కాలువ ఇంకా తవ్వలేదు, గోదాము రాతి వరస దగ్గర తేమ అందుకే తగ్గట్లేదు. దాని మీద మళ్లీ సిమెంటు పూత పూస్తామంటున్నారు, సున్నపు పూతే పూయమని, అది కూడా కాలువ తవ్వాకే అని రాసిచ్చాను. బాల్కనీలోకి జనాన్ని ఎక్కించొద్దని తాళం వేయించాం, దాని దూలాల టెస్టులు అయ్యేదాకా ఆ తాళం తియ్యరు. స్టీలు బొట్లు గోడకే ఉన్నాయి, వాచ్‌మన్ కొడుకు నెలనెలా కొలిచి వాట్సాప్‌లో పంపుతున్నాడు.